వెనకాల చప్పుడు

రోజారమణి ముందుగది తలుపుకి ఎర్ర తువ్వాలు తగిలిస్తుండగా వంటింట్లో కుక్కరు కూతకొచ్చింది. అత్తగారు అచ్చియమ్మ ఒక్క అంగలో వెళ్ళి స్టవ్వు కట్టేసి, కుక్కరు మీద తడిగుడ్డ కప్పేసింది. పప్పు ఉడికిందో లేదో ఇక తినేటప్పుడే తెలియాలి. ఆ తలుపుకి ఎర్ర తువ్వాలు వేలాడిందంటే కోడలు ఫోన్లో కూర్చున్నట్టు. సాయంత్రం అది తీసేదాకా ఆ ఇంట్లో మిక్సీ తిరగదు, బిందె కింద పెడితే చప్పుడవదు, మనిషి మనిషిని గొంతెత్తి పిలవడు.

ఇంతలో వీధిలోంచి కేక వినిపించింది.

"సేపలమ్మా సేపలూ! బతికున్న సేపలూ!"

అచ్చియమ్మ గేటు దగ్గరికి పరిగెత్తినట్టే వెళ్ళి నోటి మీద వేలు పెట్టుకుంది. చేపల కామమ్మ నెత్తి మీది తట్ట సర్దుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

"ఏటప్పా, మీ ఇంట్లో దినామూ పరీచ్చలేనేటి? మాటాడితే మార్కులు కోసేత్తారా?"

కామమ్మ ఒకటంటే నాలుగు అనే మనిషి అచ్చియమ్మ. ఈ రోజు ఏమీ అనలేదు. వెళ్ళిపొమ్మని చేత్తో సైగ చేసి, గేటు గొళ్ళెం చప్పుడు కాకుండా రెండు చేతులతో పట్టుకుని వేసింది. కిటికీలోంచి చూస్తున్న రోజారమణికి మనసు తేలికపడింది. 'పోనీలే, అత్తమ్మకి అలవాటైపోయింది' అనుకుని, పెద్ద పెద్ద దిండ్లున్న హెడ్‌సెట్ చెవులకి పెట్టుకుంది. దాంతో ఇల్లూ వీధీ నర్సీపట్నమూ అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఆమెది ఒక ఆరోగ్య బీమా కంపెనీ వాళ్ళ ఫోన్ ఉద్యోగం. ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళ తాలూకు మనుషులు ఫోన్ చేస్తే, ఏ కాగితం ఎక్కడివ్వాలో తెలుగులో చెప్పాలి. ఇంట్లోనే కూర్చుని చేసుకోవచ్చు. భర్త రమేష్‌బాబు నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేటకి షేర్ ఆటో తిప్పుతాడు. జనం ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. కూతురు వేదశ్రీ విశాఖలో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. ఈ ఉద్యోగం ఊడితే ఆ చదువు నడిమధ్యలో ఆగిపోతుంది. అందుకే రోజారమణికి కలలో కూడా ఫోన్ మోగుతుంది.

మామగారు సోమన్నకి పక్షవాతం వచ్చాక పెద్దవాళ్ళిద్దరూ ఊళ్ళో ఇల్లు తాళం పెట్టి వీళ్ళ దగ్గరికి వచ్చేశారు. ఆయనకి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. వెనకగదిలో మంచం. ఆ గదికీ ముందుగదికీ మధ్య గోడ పైకప్పుదాకా లేదు.

అచ్చియమ్మ గొంతు సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. జీడితోటలో ఈ గట్టున నిలబడి పిలిస్తే ఆ గట్టున కూలీలు పలికేవారు. ఆ గొంతుతోనే పొద్దస్తమానం మొగుడి మంచం పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. వంకాయల ధర, ఎదురింటి వాళ్ళ గొడవ, ఎవరి గేదె ఈనిందో, ఎవరి కోడలు అలిగిందో. ఆయన కళ్ళు ఆమె నోటి మీదే ఉండేవి.

ఆ కబుర్లు ఫోన్లోకి వెళ్ళేవి. "ఏమ్మా, మీరు సంతలో కూర్చుని మాట్లాడుతున్నారా?" అని ఒకాయన అడిగాడు. "ముందు మీ గేదె సంగతి చూసుకుని తర్వాత నా సంగతి చూడండి" అని ఇంకొకావిడ వెక్కిరించింది. కంపెనీ నుంచి మాట వచ్చింది. అప్పుడు పుట్టింది ఎర్ర తువ్వాలు.

"నీ ఉజ్జోగం కన్నా నా మాటలు పెద్దవేటమ్మీ?" అంది అచ్చియమ్మ. ఆ రోజు నుంచి నోరు కట్టేసుకుంది.

ఆమె మానేస్తే ముసలాయన మొదలుపెట్టాడు. "ఆఁ... ఆఁ..." అని గోడలు అదిరేలా మూలుగు. జబ్బు ముదురుతోందేమో అనుకున్నారు. జబ్బు ముదిరితే మందు మారుస్తారు. ఫోన్లో వినిపించే మూలుగుకి మాత్రం రోజారమణి తనే మందు వెతుక్కోవాల్సి వచ్చింది. అబీద్ సెంటర్ దగ్గర బుజ్జిబాబు సెల్ షాపుకి వెళ్ళింది.

"బయట చప్పుడు ఆపేసే హెడ్‌సెట్ కావాలి. ఫోన్ మాట్లాడే ఉద్యోగం" అంది.

"బ్రహ్మాండమైనది ఉందమ్మా. పెట్టుకుని చూడండి" అన్నాడు బుజ్జిబాబు. పెట్టుకుంది. ఎదురుగా బస్సు హారన్ కొడుతున్నట్టు కనిపిస్తోంది గానీ వినిపించడం లేదు. బుజ్జిబాబు పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. తీసేసి ఆశ్చర్యంగా చూసింది.

"ఇప్పుడేమన్నావు?"

"మీ ఆయన పిలిచినా వినపడదు అన్నానమ్మా. ఆ సుఖానికి వేరే చార్జీ లేదు."

పక్కనున్న వాళ్ళతో పాటు తనూ నవ్వింది. చప్పుడు ఆగడమంటే ఇదే కదా అనుకుని కొనేసింది. అవతలివాళ్ళకి ఎలా వినిపిస్తుందో చూడాలన్న ఊహే ఆమెకి రాలేదు. ఆ రోజు నుంచి ఇల్లు ప్రశాంతంగా ఉంది. మామయ్య నెమ్మదించాడు, అత్తమ్మ సర్దుకుంది అని వేదశ్రీకి ఫోన్లో సంతోషంగా చెప్పింది కూడా.

చేపల కామమ్మని పంపేసిన మధ్యాహ్నం భోజనం వేళకి టీమ్ లీడర్ శరత్‌చంద్ర ఫోన్ చేశాడు. ఆమెకన్నా చిన్నవాడు, మర్యాదస్థుడు. ఆ మర్యాదే ఇప్పుడు భయపెట్టింది.

"రోజారమణిగారూ, మీ కాల్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ నాయిస్ ఇంకా వస్తోందండీ. ఇదివరకటికంటే ఘోరంగా ఉంది."

"అదెలా సార్? కొత్త హెడ్‌సెట్ కొన్నాను. నాకు ఒక్క చప్పుడు కూడా వినపడదు!"

"మీకు వినపడదు మేడమ్. కస్టమర్‌కి వినపడుతోంది. ఒక కాల్ మీకు పంపించాను, వినండి. పైవాళ్ళు ఇదే ఆఖరిసారి అన్నారు. మీ ఇంట్లో... ఏదైనా ఇబ్బంది ఉంటే చెప్పండి" అని అతను ఎందుకో నసిగాడు.

ఆ నసుగుడు ఆమె పట్టించుకోలేదు. 'ఆఖరిసారి' అన్న మాట ఒక్కటే చెవిలో గింగిరాలు తిరిగింది. హెడ్‌సెట్ బల్ల మీద విసిరేసి వెనకగదిలోకి వెళ్ళింది. అప్పుడే భోజనానికి వచ్చిన రమేష్‌బాబు గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు.

"అత్తమ్మా, నేను చెవులు మూసుకున్నానని మళ్ళీ మొదలుపెట్టేసారా?" అంది రోజారమణి.

అచ్చియమ్మ మొగుడి మూతి తుడుస్తోంది. తువ్వాలు తలుపుకే ఉందేమోనని ముందు ఆ వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా అంది.

"నానేటి సేసినానమ్మీ?"

"ఏం చేశారా? ఫోన్లో ఇల్లంతా వినపడుతోందంట! ఇదివరకటికన్నా ఎక్కువంట! నాకు తెలీదనే కదా?"

"ఏటైనాది రోజా?" అన్నాడు రమేష్‌బాబు.

"ఏటవుతుంది? నా ఉద్యోగం పోతుంది. రేపట్నుంచి మీ అమ్మగారి కబుర్లు వింటూ అందరం కూర్చుందాం. అమ్మాయిని కూడా పిలిపించేయండి, హాస్టల్ దండగ!"

అచ్చియమ్మ పెదవి విప్పబోయి ఆగింది. "నాను మాటాడి ఎన్నాళ్ళయినాదో నీకు తెలీదేటే..." అని ఏదో గొణిగింది. రమేష్‌బాబు తల గోక్కున్నాడు. పెళ్ళాం మొహం చూశాడు, తల్లి మొహం చూడలేదు.

"అమ్మా, కొన్నాళ్ళు నాన్నని తీసుకుని ఊరెళ్తారేటి? రోజూ నేను ఆటో మీద అటే వస్తాను కదా. సరుకులూ మందులూ నేనే తెచ్చిస్తాను."

అచ్చియమ్మ లేచి, గోడ మేకుకున్న సంచీ తీసి, ఆరిన పంచెలు ఒక్కొక్కటే మడతపెట్టడం మొదలెట్టింది.

"బేగి దిగబెట్టీరా నాయినా" అంది. "పొద్దుండగా ఎలితే పొయ్యి ముట్టించుకుంటాను."

రోజారమణి ముందుగదిలోకి వచ్చి కూర్చుంది. తను అన్నదాంట్లో తప్పేముంది? వినిపించిందని కంపెనీవాళ్ళే చెప్పారు కదా. రుజువు ఉంది. ఆ రుజువు ఇద్దరికీ వినిపించాలనుకుంది. ముందు తను వినాలి. శరత్‌చంద్ర పంపిన కాల్ తెరిచి, హెడ్‌సెట్ మళ్ళీ పెట్టుకుంది.

మొదట తన గొంతే వచ్చింది. మెత్తగా, తేనె పూసినట్టు.

"కంగారు పడకండి అమ్మా. మీ నాన్నగారి వయసులో అలాగే అరుస్తారు. మనం విసుక్కోకూడదు. ఓపిగ్గా చూసుకోండి. ఇప్పుడు డిశ్చార్జి కాగితం..."

ఆ మాటల వెనక మూలుగు. "ఆఁ... ఆఁ..." ఇంత దగ్గరగానా? ఆ మూలుగు మీద ఒక గుసగుస. ఆ గొంతు అత్తగారిదని పోల్చుకోవడానికి రోజారమణికి కాస్త సమయం పట్టింది. ఆమె గుసగుస ఎప్పుడు విన్నది కనక!

"అరవకయ్యా... నీ కాళ్ళట్టుకుంటాను, అరవకు... కోడలు గుంట ఉజ్జోగం పోద్ది... నాను మాటాడకూడదయ్యా, తువ్వాలుంది... ఇలా నాకేసి సూడు, మాటలేదని కోపమేటి? సాయింత్రం సెప్తాను, అన్నీ సెప్తాను..."

మూలుగు ఇంకా హెచ్చింది. తర్వాత అది గుడ్డలో కుక్కినట్టు మసకబారింది. మళ్ళీ బయటపడింది. అప్పుడు ఒక దెబ్బ చప్పుడు. అరచెయ్యి చెంప మీద పడిన చప్పుడు. అంతే, మూలుగు తెగిపోయింది. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఒక ఆడమనిషి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్న చప్పుడు.

ఫోన్లో అమ్మాయి తడబడింది. "మేడమ్, మీ దగ్గర ఎవరో ఏడుస్తున్నారండీ..."

"లేదండీ, ఇక్కడెవరూ లేరు. లైన్లో ఏదో డిస్టర్బెన్స్. ఇంకేమైనా సహాయం కావాలా అండీ?" అంది తన గొంతు, అదే తేనెతో.

రోజారమణి హెడ్‌సెట్ తీసింది. ఆ అమ్మాయి అలా అనడం తనకి గుర్తుంది. పిచ్చిపిల్ల, ఆసుపత్రిలో ఎవరో ఏడుస్తుంటే ఇక్కడనుకుంటోంది అని ఆ రోజు అనుకుంది. కాల్ బాగా ముగించానని నీళ్ళు తాగి, తర్వాతి కాల్ తీసుకుంది. తన వీపు వెనక, పైదాకా లేని గోడకి అవతల, ఇది జరుగుతుంటే.

లేచి వెనకగది గుమ్మం దగ్గర నిలబడింది. అచ్చియమ్మ సంచీ కట్టేసి, మొగుడి తల కింద దిండు సరిచెయ్యడానికి చెయ్యి చాచింది. ఆ చెయ్యి దగ్గరికి వస్తుంటే సోమన్న కళ్ళు గట్టిగా మూసుకుని మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. ఇది రోజారమణి ఇంతవరకు చూడలేదు. రోజుకి ఎన్నిసార్లు ఈ గదిలోకి వచ్చి వెళ్ళిందో, చూడలేదు.

"అత్తమ్మా, నేను విన్నాను" అంది.

"ఏటిన్నావు?"

"మామయ్యని... ఆ రోజు... మీరు చెయ్యి..."

అచ్చియమ్మ చెయ్యి దిండు మీదే ఉండిపోయింది.

"ఫోన్లోకి ఎల్లిపోనాదేటి?" అంది. "మీ కంపినీవోళ్ళూ ఇన్నారా?"

రోజారమణి తలూపింది. ముసలావిడ కొంగుతో మొహం కప్పుకుని నేల మీద కూలబడింది.

"నా సెయ్యిరిగిపోను! ఇన్నేళ్ళ కాపరంలో ఆయన ఒక్క దెబ్బ కొట్నేదు నన్ను. పంట పోయినప్పుడూ కొట్నేదు, తాగొచ్చినప్పుడూ కొట్నేదు. మంచాన పడ్డోడిని, తిరిగి ఒక్క మాటనలేనోడిని, నాను కొట్టినాను..."

"మీ మాట లేకే అలా అరుస్తున్నారని నాకు ఒక్కసారి చెప్పుంటే..."

"ఎప్పుడు సెప్పమంటావు?" అచ్చియమ్మ కొంగు తీసి చూసింది. కోపం లేదు ఆ చూపులో. అలుపు ఉంది. "తువ్వాలున్నప్పుడు మాటాడకూడదు. తువ్వాలు తీసినాక నువ్వు సోలిపోయుంటావు. ఎప్పుడు సెప్పాలమ్మీ?"

రోజారమణి పక్కనే నేల మీద కూర్చుంది. శరత్‌చంద్ర చెప్పిన మాట ఇప్పుడు తలకెక్కుతోంది. మీకు వినపడదు మేడమ్. కొన్న వస్తువు చెప్పిన పనే చేసింది. తన చెవులు మూసింది. నోటి మైకు అవతలివాళ్ళ కోసం, చెవి దిండ్లు తన కోసం అని కూడా తెలుసుకోకుండా కొన్నది తనే.

"తప్పు నాది అత్తమ్మా. తప్పుడు హెడ్‌సెట్ కొన్నాను. వేరేది కొంటాను. మీరు మాట్లాడినా అవతలికి వెళ్ళనిది ఉంటుందంట..."

"కొను. ఉజ్జోగం ఉండాలి, కొను" అంది అచ్చియమ్మ. మంచం వైపు చూసింది. "నాను సెయ్యెత్తితే సాలు, ఈయన కళ్ళు మూసేసుకుంటన్నాడు. దానికేటి కొంటావు?"

గుమ్మంలో కంచం పట్టుకుని నిలబడిపోయిన రమేష్‌బాబు దాన్ని కింద పెట్టి, వచ్చి, తల్లి కట్టిన సంచీ విప్పి పంచెలు తీసి దండెం మీద వేశాడు. వేస్తూ అటు తిరిగే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎక్కడికీ ఎల్లడం లేదు. తప్పు మాట అన్నానమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం రోజారమణి శరత్‌చంద్రకి ఫోన్ చేసి ఇంటి సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను చాలాసేపు విన్నాడు. ఆఖర్న, "మీరు కొన్నది పాటలు వినేవాళ్ళకి మేడమ్. మైకు కర్రలా నోటి ముందుకి వచ్చేది తీసుకోండి. అది దగ్గరి మాట పట్టుకుని దూరపు చప్పుడు వదిలేస్తుంది. కొనేముందు ఎవరికైనా ఫోన్ చేసి, వాళ్ళకి ఏం వినపడుతోందో అడగండి. పైవాళ్ళతో నేను మాట్లాడతాను" అన్నాడు.

మర్నాడు మొగుడూ పెళ్ళామూ కలిసే వెళ్ళారు. రమేష్‌బాబు ఫోన్ చెవికి పెట్టుకుని రోడ్డుకి అవతల నిలబడ్డాడు. రోజారమణి ఒక్కొక్కటే పెట్టుకుని మాట్లాడింది.

"ఇప్పుడు నువ్వు అరువు బుజ్జిబాబూ."

"ఏమని అరవమంటారమ్మా?"

"ఏదో ఒకటి. గట్టిగా!"

బుజ్జిబాబు సెల్ కవర్ల ధరలన్నీ సంతలో పాట పాడినట్టు అరిచాడు. రెండు హెడ్‌సెట్లకి రమేష్‌బాబు అవతలనుంచి తల అడ్డంగా తిప్పాడు. మూడోదానికి ఫోన్లో అతని గొంతు వచ్చింది. "నీ గొంతొక్కటే వస్తంది రోజా. బుజ్జిగాడు నోరు తెరిచి ఆవులిస్తన్నట్టుంది."

"అదే ఇవ్వు. ఒక చెవికే ఉండేది ఇవ్వు" అంది రోజారమణి.

"రెండు చెవులదైతే ఇంకా బాగుంటుందమ్మా."

"వద్దు. ఇంట్లో పెద్దవాళ్ళున్నారు."

బల్లని వెనకగదిలోకి, మామగారి మంచం పక్కకే మార్చుకుంది. "మాట్లాడండి అత్తమ్మా, ఏమీ వెళ్ళదు" అంది. అచ్చియమ్మ గొంతు సవరించుకుంది గానీ మాట పెగల్లేదు. కోడలు ఫోన్ తీసుకోగానే ఆమె నోరు దానంతటదే మూసుకుపోయేది. సైగ చేస్తే గుసగుసగా రెండు ముక్కలు చెప్పేది. సోమన్న గోడకేసి చూస్తూ పడుకునేవాడు. మూలుగు కూడా మానేశాడు. ఆ మౌనం రోజారమణి మూయని చెవిలో రాయిలా పడేది. కంపెనీవాళ్ళు ఇప్పుడు కాల్స్ చాలా శుభ్రంగా ఉన్నాయని మెచ్చుకున్నారు. ఆ కబురు ఇంట్లో ఎవరికీ చెప్పాలనిపించలేదు.

వానాకాలం మొదలైంది. ఒక మధ్యాహ్నం ఎవరో పెద్దాయన ఫోన్ చేశాడు. భార్యని ఆసుపత్రిలో చేర్చాడట, బిల్లు సంగతి ఏమీ తెలియడం లేదట. రోజారమణి నెమ్మదిగా చెబుతోంది. పక్కన అచ్చియమ్మ చీపురుపుల్లలు ఏరుతూ మొగుడితో ఊళ్ళో నారు పోశారట, మన మడి కింద మడిలో నీళ్ళు నిలిచిపోయాయట అని గొణుగుతోంది. చెబుతూ చెబుతూ ఆ నీళ్ళు వదిలిన వాడి మీద కోపం వచ్చినట్టుంది, గొంతు తనకి తెలియకుండానే కొంచెం లేచింది. లేచి, ఉన్నట్టుండి మధ్యలో తెగిపోయింది.

రోజారమణి తిరిగి చూసింది. సోమన్న మొహం ఇటు తిరిగి ఉంది. బాగున్న ఎడమచేత్తో పెళ్ళాం మణికట్టు పట్టుకున్నాడు. ఆమె భయపడి చెయ్యి వెనక్కి లాక్కుంటోంది. ఆయన వదలడం లేదు. వణుకుతూ, చాలా కష్టపడి, ఆ చేతిని తన దగ్గరికి లాక్కుని చెంప కింద పెట్టుకున్నాడు. దాని మీద తల ఆన్చి కళ్ళు మూసుకున్నాడు. ఈసారి గట్టిగా కాదు, నిద్రపోయేవాడిలా.

అచ్చియమ్మ ఘొల్లుమంది. ఇన్నాళ్ళూ కొంగులో కుక్కుకున్నదంతా బయటికి వచ్చినట్టు, వీధి చివరి ఇంటికి వినపడేలా ఏడ్చింది. రోజారమణి కళ్ళ ముందు కంప్యూటర్ అక్షరాలు అలుక్కుపోయాయి.

"అమ్మా, ఉన్నారా?" అన్నాడు ఫోన్లో పెద్దాయన. "లైను కట్టయిపోయినట్టుంది. మీ వైపు ఏ చప్పుడూ లేదు."

"ఉన్నానండీ" అంది రోజారమణి. "ఒక్క నిమిషం లైన్లో ఉండండి బాబాయిగారూ. మా అత్తగారు ఏడుస్తున్నారు. మంచినీళ్ళిచ్చి వస్తాను."